ఎప్పుడొస్తావని అడగకూడదు

మే 9
వాయవ్య గాలి, మోస్తరు. ఎండ బాగుంది.

బోటు అమ్మేసినా గాలి రాయడం మానలేకపోతున్నాను. నలభై ఏళ్ళు బోటు పుస్తకంలో రాసిన చెయ్యి ఇది. ఇప్పుడు బోటు లేదు, వల లేదు, రాయడానికి పట్టిన చేపా లేదు. కాబట్టి ఇంటి గురించి రాస్తాను. ఎవరూ చూడరు కనక తప్పులున్నా ఫరవాలేదు.

మా ఆవిడ ఎప్పీ ఇవాళ పక్క ఊరు సాండ్‌హైత్ వెళ్ళింది, వాళ్ళక్క లీబీ దగ్గరికి. లీబీకి మోకాలి నొప్పట. రెండు మూడు రోజులు సాయంగా ఉండి వస్తుందనుకుంటాను. ఆమె అలా చెప్పలేదు. నేను అడగలేదు.

నేను బీరువా తలుపు మడతబందుకి నూనె వేస్తున్నాను. ఎప్పీ సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "వెళ్తున్నా ఎనియస్" అంది. "ఊఁ" అన్నాను. ఇంకా నిలబడే ఉంది. "తలుపు దగ్గరికెయ్, గాలొస్తోంది" అన్నాను. వేసి వెళ్ళింది.

బయల్దేరిన మనిషిని ఎప్పుడొస్తావని అడగకూడదు. వెనక నుంచి పిలవకూడదు. వెళ్తుంటే చూస్తూ నిలబడకూడదు. ఒడ్డున ఉన్నవాళ్ళు ఇల్లు కదలకుండా తమ పని తాము చేసుకోవాలి. మా పోర్ట్‌గార్వీలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు ఈ సంగతి. ఎప్పీ వాళ్ళమ్మ ఒక్కసారి నోరు జారి అడిగింది. ఎప్పీ వాళ్ళ నాన్న "శుక్రవారం" అని చెప్పి బోటెక్కాడు. ఆ శుక్రవారం ఇంతవరకూ రాలేదు.

అందుకని నేను ఈ జన్మలో ఎప్పీని అడగను. ఆమె మేలు కోరే కదా.

సంచీ మాత్రం పెద్దదే తీసుకెళ్ళింది.

మే 12
తూర్పు గాలి, చలి. ఎప్పీ రాలేదు. లీబీ మోకాలు మొండిదై ఉంటుంది, మనిషి లాగే.

మే 16
తూర్పు గాలే.

వాటీ వచ్చాడు. నేను సరంగుగా నడిపిన బోటు మీద కలాసీగా చేసినవాడు, పక్కిల్లు. పెళ్ళి చేసుకోలేదు, అందుకని పెళ్ళి గురించి వాడికి తెలియనిది లేదు.

"సరంగూ, ఎప్పీ కనపడ్డం లేదే?"

"లీబీకి మోకాలి నొప్పి."

"ఏ మోకాలు?"

"అడగలేదు."

"మనిషికి రెండుంటాయి కదా. రెండోదానికి కూడా వస్తే శీతాకాలం దాకా అక్కడేనేమో."

తర్వాత వంటింట్లోకి వచ్చి నలుదిక్కులా చూశాడు. మార్చిలో బోటు అమ్మిన వారమే నేను వంటిల్లు సర్దాను. డబ్బాలు తేదీల వారీగా వరస పెట్టాను. కప్పుల చెవులన్నీ ఒకే వైపు తిప్పాను. గిన్నెలు దొర్లకుండా తాడు కట్టాను. టీ ఎన్నింటికి, గిన్నెలు తోమేది ఎన్నింటికి అన్నది గోడ మీద రాసి పెట్టాను. ఎప్పీ ఏ పని ఎక్కడ ఆలస్యం చేస్తోందో కూడా చూసి, మెల్లగా చెప్పాను. ఎవరైనా చెప్తేనే కదా తెలిసేది.

"ఇది వంటిల్లా, బోటా?" అన్నాడు వాటీ. "ఇంజనెక్కడ పెట్టావు?"

"పద్ధతిగా ఉంది."

"ఎప్పీ ఏమంది?"

ఏమీ అనలేదు. గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. నచ్చినట్టే ఉంది.

మే 30
నైరుతి గాలి, పలచగా. జనం ఇసకేస్తే రాలనంతమంది.

ఇవాళ పడవల పండగ. పాత చెక్క పడవలన్నీ కడిగి, జెండాలు కట్టి రేవులోకి తెచ్చారు. పీపాల మీద చేపలు పొగబెట్టారు. బ్యాగ్‌పైపుల వాళ్ళు పొద్దున మొదలుపెట్టి ఆపలేదు. మా రేవులో ఏటా వేసవి ఈ గోలతోనే మొదలవుతుంది.

లీబీని చూశాను. రేవు మధ్యలో ఎనిమిదిమంది గుండ్రంగా చేరి వేసే చిందు వేస్తోంది. ఎగిరి మరీ వేస్తోంది. ఈ రోజుల్లో మోకాళ్ళు త్వరగా నయమవుతున్నాయి. వైద్యం బాగా పెరిగింది.

ఎప్పీ చేపల సూపు డేరా దగ్గర ఉంది. పసుపుపచ్చ టోపీ పెట్టుకుంది, కొత్తది. ఎవరితోనో మాట్లాడుతూ పడీ పడీ నవ్వుతోంది. అంత నవ్వే మాట ఏమై ఉంటుందో.

నేను తాళ్ళు పేనే దుకాణం వెనక్కి వెళ్ళి తాళ్ళు చూశాను. వాళ్ళు పేనే తీరు తప్పు. ఎందుకు తప్పో వివరంగా చెప్పాను. చెప్పడం అయ్యేసరికి ఎప్పీ వెళ్ళిపోయింది.

జూన్ 2
ఉత్తరపు గాలి. ఏమీ లేదు.

జూన్ 3
ఉత్తరపు గాలి. ఏమీ లేదు.

జూన్ 4
గాలి కూడా లేదు.

జూన్ 20
పడమటి గాలి, తెరిపిగా ఉంది.

ఊరి వారోత్సవం ఆఖరి రోజు. తెప్పల పందెం. పీపాలు, పాత తలుపులు, పరుపులు, ఏది తేలుతుందంటే అది కట్టుకుని దిగుతారు. ఒడ్డు మీది పిల్లలు వాళ్ళ మీద పిండి, గుడ్లు విసురుతారు. పందెం మొదలుపెట్టే కూత ఏటా నాదే. ఈసారీ నేనే వేశాను.

టీ డేరాలో టీతో తినే స్కోన్ రొట్టెలు చూసి అందరూ మొహాలు ముడుచుకున్నారు. ప్రతి ఏడూ ఎప్పీయే చేస్తుంది, ఈసారి వేరెవరో చేశారు. "ఎప్పీ ఏదీ?" అని అడిగినవాళ్ళందరికీ "లీబీకి మోకాలు" అని చెప్పుకొచ్చాను.

అలా చెప్తుండగానే సాండ్‌హైత్ వాళ్ళ తెప్ప వచ్చింది. దాని మీద లీబీ, సముద్రపు దొంగ వేషంలో, కంటికి నల్ల గుడ్డ కట్టుకుని. తెప్ప తిరగబడింది. లీబీ ఈదుకుంటూ వచ్చి, ఎవరి సాయం లేకుండా నిచ్చెనెక్కింది.

"మోకాలు భలే ఈదుతోంది సరంగూ" అన్నాడు వాటీ.

మోకాలి సంగతి ఇక రాయను.

జూన్ 21
నాకు కూడా స్కోన్లు చేయడం వచ్చు. ఇవాళ చేశాను. పిండి, వెన్న, పాలు, అంతే కదా. ఒకటి సముద్రపు కాకికి వేశాను. కాసేపు చూసి ఎగిరిపోయింది.

జూలై 8
ఆగ్నేయపు గాలి. దూరం స్పష్టంగా కనపడుతోంది.

సాయంత్రం కొండకొమ్ము మీదికి వెళ్ళాను, దుర్భిణీ తీసుకుని. ఇది డాల్ఫిన్ల కాలం. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి గడ్డిలో కూర్చుని చూస్తారు. ఊళ్ళో ఉన్నవాణ్ణి నేనెందుకు చూడకూడదు?

సాండ్‌హైత్ వైపు నుంచి తెడ్ల పడవ వచ్చింది. ఊరివాళ్ళు షెడ్డులో సొంతంగా చేసుకున్నది. నలుగురు ఆడవాళ్ళు తెడ్లు వేస్తున్నారు. చుక్కాని దగ్గర బడి పంతులమ్మ ఫ్లోరా కేకలు పెడుతోంది. ముందు నుంచి రెండో తెడ్డు దగ్గర పసుపుపచ్చ టోపీ.

ఎప్పీ.

నా బోటు మీద ఎప్పీ ఒక్కనాడూ కాలు పెట్టలేదు. ఆడమనిషి కాలు పెడితే వల చిరుగుతుందంటారు. నేను పెట్టిన నియమం కాదది, మా తాతలనాటిది. వల లేని పడవకి ఆ నియమం ఉందో లేదో ఎవరూ చెప్పలేదు.

నలభై ఏళ్ళు పడవే ఎక్కని మనిషి. అలల మీద కూర్చుని పాడుతోంది. పాట వినపడలేదు. నోరు కదులుతుంటే తెలిసింది.

జూలై 10
డాల్ఫిన్లు చూశాను. తెడ్డు మరీ లోతుగా వేస్తోంది.

జూలై 11
డాల్ఫిన్లు. ఇంకా లోతే. నడుం పట్టేస్తుంది ఆమెకి.

జూలై 14
వాన. డాల్ఫిన్లు రాలేదు. రేపు వస్తాయేమో. తడిసిపోయాను.

జూలై 17
పడమటి గాలి.

కొండకొమ్ము మీద ఒకావిడ, పైఊరి మనిషి, మర్యాదగా అడిగింది. "మీరు రోజూ వస్తారటగా. అవి ఎటు నుంచి వస్తాయండీ?"

"ఎడమ పక్క నుంచి. ఆరింటికి" అన్నాను.

ఆరింటికి జనమంతా ఒక్కసారి కేక పెట్టారు. కుడి పక్కన డాల్ఫిన్లు ఎగిరాయట, తల్లీ పిల్లా కలిసి. దుర్భిణీ తిప్పే తీరిక లేదు నాకు. పడవ అప్పుడే మలుపు తిరుగుతోంది.

ఆవిడ నన్ను అదోలా చూసి దూరంగా వెళ్ళి కూర్చుంది.

ఆగస్టు 1
గాలి తెలియలేదు. లోపలి ఊళ్ళో గాలికి ఒక దిక్కంటూ ఉండదు.

కొండవాళ్ళ ఆటల పోటీలకి వాటీ లాక్కుపోయాడు. చెట్టు మొద్దులెత్తి విసిరారు. మొద్దు విసిరితే ఏమొస్తుందో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. టీ కోసం వరసలో నిలబడితే వెనక నుంచి ఎవరో భుజం మీద తట్టారు. లీబీ.

"ఏం ఎనియస్, నా మోకాలి గురించి అడగవేం?"

"నడుస్తున్నావుగా."

"పోనీ మా చెల్లెలి గురించి?"

"బాగానే ఉందిగా. రోజూ కనపడుతూనే ఉంది."

"ఎక్కడ కనపడుతోంది నీకు?"

"డాల్ఫిన్లు చూడ్డానికి వెళ్తుంటా" అన్నాను.

లీబీ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఎప్పుడొస్తావని ఒక్క మాట అడిగావా దాన్ని?"

"నువ్వేనా లీబీ ఈ మాటనేది? మీ ఇంట్లోనే కదా జరిగింది. మీ అమ్మ అడగబట్టే కదా..."

ఆమె టీ తీసుకుంది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చింది.

"అది సముద్రం మీదికి పోలేదయ్యా. బస్సెక్కింది. రెండు మైళ్ళు."

ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు నన్ను. బస్సయితే మాత్రం? ప్రయాణం ప్రయాణమే. గుమ్మం దాటినవాళ్ళు దాటినవాళ్ళే. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటారు లీబీ లాంటివాళ్ళు.

అయినా అడిగితే అడిగానే అనుకుందాం. రానని అంటే?

ఆగస్టు 2
పైన రాసిన ఆఖరి మాట కొట్టేద్దామనుకున్నాను. కొట్టలేదు.

ఆగస్టు 15
ఉత్తరపు గాలి. రేవు లోపల నీళ్ళు నిలకడగా ఉన్నాయి.

తెడ్ల పడవల పందేలు. తీరం పొడవునా ఊళ్ళన్నీ మా రేవుకే వచ్చాయి. సాండ్‌హైత్ ఆడవాళ్ళు మూడో స్థానంలో వచ్చారు. రెండో స్థానం రావలసింది.

ఈసారి తాళ్ళ దుకాణం వైపు వెళ్ళలేదు. గడ్డం గీసుకుని, ఆదివారం చొక్కా వేసుకుని, ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను. ఇల్లు బోసిగా ఉందని చెప్పాలి. గోడ మీద రాసినది తుడిచేశానని చెప్పాలి. నిజంగానే తుడిచేశాను, జూలైలో. ఎప్పుడొస్తావని మాత్రం అడక్కుండా, అడిగినంత పనీ చెయ్యాలి.

ఎప్పీ పడవ పక్కన కూర్చుని చేతులకి గుడ్డ చుట్టుకుంటోంది. అరచేతుల నిండా బొబ్బలు. మొహం ఎండకి కమిలింది. పెళ్ళినాటికంటే బాగుంది అనిపించింది. నన్ను చూసి లేచి నిలబడింది.

"ఎనియస్."

"ఎప్పీ."

 చుట్టూ జనం చూడనట్టు నటిస్తున్నారు. పోర్ట్‌గార్వీ వాళ్ళకి నటన రాదు.

"తెడ్డు లోతుగా వేస్తున్నావు" అన్నాను. "అంత లోతు వేస్తే నీళ్ళు మొయ్యాల్సొస్తుంది. పైపైన వెయ్యి."

"అదేనా చెప్పడానికొచ్చావు?"

"అదే."

ఎప్పీ తల ఊపి మళ్ళీ కూర్చుంది. గుడ్డ చుట్టుకోవడంలో పడింది.

ఆగస్టు 16
తెడ్డు గురించి చెప్పడం తప్పేం కాదు. నిజంగానే లోతుగా వేస్తోంది.

ఆగస్టు 17
తెడ్డు గురించి చెప్పకుండా ఉండవలసింది.

ఆగస్టు 29
ఈశాన్యపు గాలి. ఇంట్లో గడియారం చప్పుడు ఇంత గట్టిగా ఉంటుందని ఎప్పుడూ తెలియలేదు. ఇన్నేళ్ళూ నేను బోటు మీదున్నప్పుడు ఆమె ఈ చప్పుడే వింటూ కూర్చుందా? అడిగితే చెప్తుంది. అడగలేదు ఎప్పుడూ.

సెప్టెంబరు 6
గాలి లేదు. మబ్బు.

చర్చిలో సముద్రపు పంట పండగ. స్తంభాలకి వలలు చుట్టారు. బల్ల మీద రొట్టె, ఆపిల్సు, పెట్టెడు చేపలు. కాసేపటికి వాసన పట్టలేక కిటికీలు తీయించారు పాదిరిగారు. తిరిగి రానివాళ్ళ పేర్లు ఏటా చదివినట్టే చదివారు. ఎప్పీ వాళ్ళ నాన్న పేరు వచ్చినప్పుడు నేను వెనక్కి తిరిగి చూశాను. ఎప్పీ, లీబీ చేతులు పట్టుకుని కూర్చున్నారు. అంతకు ముందు ప్రతి ఏడూ ఆ చెయ్యి నా చేతిలో ఉండేది.

చివర్లో పాదిరిగారు ఒక ప్రకటన చేశారు. సాండ్‌హైత్ ఆడవాళ్ళు వచ్చే శనివారం మోరే అఖాతం దాటి అవతలి ఒడ్డుకి తెడ్లు వేసుకుంటూ వెళ్తారట. ప్రాణరక్షక పడవ కోసం చందాలు పోగు చెయ్యడానికి. పక్కన మరపడవ తోడు ఉంటుందట. ఒక రాత్రి అక్కడ పడుకుని ఆదివారం తిరిగి వస్తారట.

జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాననుకుంటాను. ఇంటికొచ్చి శనివారం గాలి ఎటుంటుందో చూశాను.

సెప్టెంబరు 11
రేపటికి దక్షిణపు గాలి, మంచిదే. ఎల్లుండికి తూర్పుకి తిరుగుతుందంటున్నారు. తూర్పు గాలంటే పొగమంచు. ఫ్లోరా పంతులమ్మకి ఫోను చేసి చెప్పాను. "మాకూ తెలుసండీ, మరపడవలో రాడార్ ఉంది" అంది. రాడార్ ఉందని నాకూ తెలుసు.

సెప్టెంబరు 12
దక్షిణపు గాలి, పలచన.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నీళ్ళు వెనక్కి తీసే పాటు సమయంలో సాండ్‌హైత్ రేవు ఎండిపోతుంది. అందుకని మా రేవు నుంచే బయల్దేరారు. బయల్దేరేవాళ్ళని చూడకూడదు కనక నేను ఇంట్లోనే ఉండదలుచుకున్నాను. ఉన్నాను కూడా. తర్వాత పాలు తేవడానికి బయటికి వెళ్ళాను. దుకాణం అటు, రేవు ఇటు. కాళ్ళు ఇటు నడిచాయి.

గోడ మీద పాత కలాసీలందరూ వరసగా నిలబడ్డారు, చూడకూడదు గనక వీపులు సముద్రం వైపు పెట్టి. వాటీ కూడా. పడవ అప్పటికే రేవు నోట్లోకి వెళ్ళింది. ఎప్పీ రెండో తెడ్డు దగ్గర ఉంది. తెడ్డు వేసేవాళ్ళు వెనక్కి తిరిగి కూర్చుంటారు కాబట్టి ఆమె మొహం ఒడ్డు వైపే ఉంది. నన్ను చూసింది. తెడ్డు ఆపలేదు.

బోటు మీద ఉండగా ఎన్ని గాలివానలు చూశానో లెక్కలేదు. ఒక్కదానికీ ఇంత భయపడలేదు. గోడ చివరి దాకా పరిగెత్తాను.

"ఎప్పీ!" అని అరిచాను.

వెనక నుంచి పిలిచాను. గోడ మీద పాతవాళ్ళంతా ఉలిక్కిపడి నా వైపు చూశారు. ఇలాంటప్పుడు కీడు తగలకుండా ఇనుము పట్టుకోవాలి. వాటీ పడవలు కట్టే ఇనప కొయ్యని రెండు చేతులా కావలించుకున్నాడు. ఇంకొకడికి ఏమీ దొరక్క తన బెల్టు బిళ్ళ పట్టుకున్నాడు.

"ఎప్పుడొస్తావ్?"

తెడ్లు నాలుగూ ఆగిపోయాయి. నీళ్ళు కారుతున్న చప్పుడు ఒడ్డుకి వినపడింది. ఫ్లోరా నోరు తెరుచుకుని నా వంక చూసింది.

"ఏమన్నావ్?" అంది ఎప్పీ.

ఆమెకి వినపడింది. ఇంకోసారి వినాలనిపించింది, అంతే.

"ఇంటికెప్పుడొస్తావని అడుగుతున్నా!"

ఎప్పీ టోపీ తీసి మళ్ళీ పెట్టుకుంది. "రేపు నాలుగింటికి! ఈ రేవుకే!" అని అరిచింది. తర్వాత తెడ్డు ముంచింది. లోతుగానే.

వాటీ ఇనప కొయ్యని వదలకుండానే అన్నాడు, "చంపేశావు కదయ్యా సరంగూ, అందర్నీ."

సెప్టెంబరు 13
తూర్పు గాలి.

పొద్దున బాగానే ఉంది. మధ్యాహ్నానికి అవతలి కొండలు కనపడలేదు. తర్వాత దీపస్తంభం పోయింది. తర్వాత రేవు గోడ పోయింది.

వంటింట్లో రేడియో పెట్టుకుని కూర్చున్నాను. మరపడవ నుంచి ఒక మాట వినపడింది, "అంతా క్షేమం, మెల్లగా వస్తున్నాం" అని. ఆ తర్వాత గరగర తప్ప ఏమీ లేదు.

అడక్కపోయి ఉంటే ఎలాగో ఉండేది. ఎప్పుడో వస్తారులే అని డబ్బాలు సర్దుకునేవాణ్ణి. అడిగాను, ఆమె నాలుగన్నది. నాలుగయింది. చెప్పిన వేళ దాటాక గడియారం చూసేవాడి సంగతి ఏమిటో ఇవాళ తెలిసింది. పెద్దవాళ్ళు అడగవద్దన్నది ఇందుకేనేమో. కీడు తగులుతుందని కాదు, తట్టుకోలేరని.

వాటీ తన వ్యానుని గోడ చివరికి తోలుకొచ్చి, లైట్లు వేసి, హారన్ మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. నేను బయట నిలబడ్డాను. "నీ నోటి దూల సరంగూ" అన్నాడు ఒకసారి. హారన్ మాత్రం ఆపలేదు. వాడికీ భయంగానే ఉంది.

ఏడుపొచ్చింది. పొగమంచులో ఎవరికీ కనపడదు కదా అని ఏడ్చాను.

ముందు ఫ్లోరా గొంతు వినపడింది, తెడ్ల లెక్క చెప్తూ. తర్వాత పడవ ముక్కు కనపడింది. తర్వాత పసుపుపచ్చ టోపీ.

ఎప్పీ నిచ్చెన ఎక్కుతుంటే చెయ్యి అందించాను. పట్టుకుంది. బొబ్బలు చిట్లిన చెయ్యి.

"నాలుగన్నావు" అన్నాను.

"కళ్ళు కనపడితే కదా."

"ఆరు దాటింది ఎప్పీ. భయమేసింది నాకు."

"ఎంతసేపు?"

"రెండు గంటల పైన."

"రెండు గంటలు" అంది. మిగతా ఆడవాళ్ళ వైపు తిరిగి చూసింది. వాళ్ళలో సగం మంది జాలరి ఇళ్ళవాళ్ళే. "నాకు నలభై ఏళ్ళు వేసిందయ్యా."

నేను మళ్ళీ పాత మాటే అందుకున్నాను. "నేనెందుకు అడగనో నీకు తెలుసుగా. మీ అమ్మ అడగబట్టే..."

"అమ్మ అడిగిందని మునగలేదు నాన్న. తుఫానొచ్చి మునిగాడు." గొంతు పెంచలేదు, మామూలుగానే చెప్పింది. "అమ్మ అడిగింది కాబట్టి 'శుక్రవారం వస్తా' అన్న మాటొకటి మిగిలింది ఆమెకి. బతికినన్నాళ్ళూ ఆ మాట చెప్పుకునే బతికింది. నీకేమైనా అయ్యుంటే నాకేం మిగిలేది? 'తలుపు దగ్గరికెయ్, గాలొస్తోంది.' ప్రతిసారీ అదే కదా నువ్వు ఆఖర్న చెప్పేది."

"నువ్వు తప్పుగా అనుకున్నావేమో. ఆ రోజు నేను అడక్కపోవడం..."

"ఏం తప్పుగా అనుకోలేదు. నువ్వెందుకు అడగవో నాకు బాగా తెలుసు. తెలిసే నిలబడ్డాను గుమ్మంలో, అయినా అడుగుతావేమోనని."

లీబీ కారు తలుపు తీసి పట్టుకుంది. ఎప్పీ ఎక్కి కూర్చుంది. మనిషి చలికి వణుకుతోంది. నా కోటు తీసి ఆమె మీద కప్పాను.

"ఇంటికెప్పుడొస్తావ్?" అన్నాను.

"నిద్దరొస్తోంది ఎనియస్" అంది. కోటు మాత్రం ఇవ్వలేదు.

సెప్టెంబరు 14
ఇన్నాళ్ళూ ఏదో పొరపాటు జరిగిందనీ, వివరంగా చెప్తే సర్దుకుంటుందనీ అనుకున్నాను. పొరపాటేం లేదు. నేను చేసింది ఆమెకి మొదటి నుంచీ అర్థమయింది. అదే వచ్చిన చిక్కు.

సెప్టెంబరు 17
పడమటి గాలి. ఊళ్ళో పాతవాళ్ళు నాతో కొంచెం ఎడంగా ఉంటున్నారు. ఆడవాళ్ళు మాత్రం ఎన్నడూ లేనిది పలకరిస్తున్నారు. రొట్టెల దుకాణంలో ఒకావిడ నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలేసింది.

సెప్టెంబరు 21
నైరుతి గాలి.

ఫోను చేశాను. లీబీ ఎత్తింది. "ఎవరూ, డాల్ఫిన్ల ఆయనా?" అని ఎప్పీకి ఇచ్చింది. నేను చూడని తల్లీ పిల్లా డాల్ఫిన్ల సంగతి ఊరంతా తెలిసిపోయినట్టుంది.

"ఎప్పుడొస్తావ్?" అన్నాను. ఇప్పుడు కాస్త సులువుగా వస్తోంది మాట.

"బుధవారం మూడింటికి. టీకి."

"టీకేనా, ఉండడానికా?"

"ఒకసారికి ఒక ప్రశ్న చాలు" అంది. గొంతులో నవ్వుందనుకుంటాను. లేకపోయినా ఉందనే రాసుకుంటాను.

సెప్టెంబరు 23
మూడయింది. బల్ల మీద రెండు కప్పులు పెట్టాను.

మూడుంబావుకి బస్సు వచ్చింది. కిటికీలోంచి చూశాను. ఇద్దరు దిగారు, ఎప్పీ కాదు.

ఫోను చేస్తే ఎవరూ ఎత్తడం లేదు.

మూడున్నర. ఒడ్డున ఉన్నవాడు ఇల్లు కదలకూడదు. వచ్చేవాళ్ళు వస్తారు. అందుకే కదా ఈ వేసవంతా ఒక్కసారి కూడా సాండ్‌హైత్ వెళ్ళలేదు నేను. రెండు మైళ్ళు. అవతలి ఒడ్డు దాకా తెడ్డు వేసుకుంటూ వెళ్ళొచ్చింది ఆమె, చిట్లిన చేతులతో.

ఇక్కడ కూర్చుని ఇదంతా రాయడం దేనికి?

కొండదారిన కాదు, రోడ్డునే వెళ్తాను, ఎదురొస్తుంటే తప్పిపోకుండా. ఎదురొస్తే కలిసి వస్తాం. రాకపోతే లీబీ తలుపు కొడతాను. ఎందుకొచ్చావని ఎప్పీ అడిగేలోపే చెప్తాను, నిన్ను తీసుకుపోవడానికి కాదు ఎప్పీ, నువ్వు లేకుండా ఆ ఇంట్లో ఉండలేకపోతున్నానని చెప్పడానికి వచ్చానని.